ఎడమ చెవి డప్పుది

హెడ్‌సెట్ ఎంచుకోవడానికి ప్రేమ్‌సాగర్ పడ్డ తర్జనభర్జన చూస్తే పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు కూడా సిగ్గుపడాలి. వారాల తరబడి ఫోన్‌లో అవే చూశాడు. ఏది ఎంత బరువు, ఏది తలను ఎంత గట్టిగా పట్టుకుంటుంది, కళ్లజోడు ఉన్నా ఏది చెవి చుట్టూ సందు లేకుండా కూర్చుంటుంది, ఏది ఇంజను రొదను మింగేసి మనిషి మాటను మాత్రం వదిలిపెడుతుంది, ఇవన్నీ అతనికి నోటికి వచ్చేశాయి. నల్లగొండలో ఉండే అక్క కోమల ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగితే, తిన్నానని చెప్పి వెంటనే బ్యాటరీల సంగతి ఎత్తుకున్నాడు. ఆమె కాసేపు ఊఁ కొట్టి, కొనేదేదో కొని పుణ్యం కట్టుకొమ్మని ముద్దుగా తిట్టి పెట్టేసింది.

అంత ఆలోచన ఎందుకంటే అది అతని బతుకుతెరువు. ప్రేమ్‌సాగర్ చిన్న ఊళ్ల మధ్య తిరిగే పంకాల విమానంలో కో-పైలట్. చిట్యాల దాటాక హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, ఊరి చివరి కాలనీలో పుట్టాడు. ఇస్రాయేలు, బిక్షమ్మల కొడుకు. తల్లి పత్తి ఏరింది, తండ్రి మేస్త్రీల దగ్గర సిమెంటు కలిపాడు. సర్కారు సాయంతో విమానం నడపడం నేర్చుకుని, తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలతో మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు కాలనీ కాలనీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అప్పటి నుంచి అతను వాళ్లకు గాలిమోటరు సాగర్. పొలాల మీదుగా ఏ విమానం పోయినా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, అది మనోడిదే అని తేల్చేసేవాళ్లు. ఢిల్లీకి పోయేదైనా దుబాయికి పోయేదైనా మనోడిదే.

పంకాల విమానం రొద ఎట్లాంటిదంటే, పిండిగిర్నీ లోపల కూర్చుని పని చేసుకున్నట్టు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన హెడ్‌సెట్ ఉంటుంది గానీ పదిమంది తలల మీద తిరిగి దాని చెవి దిండ్లు చిరిగిపోయాయి. డ్యూటీ దిగాక ప్రేమ్‌సాగర్‌కు ఎడమ చెవిలో సన్నటి కూత మొదలై ఒక పట్టాన ఆగేది కాదు. తప్పంతా ఆ పాత హెడ్‌సెట్‌దే అనుకున్నాడు. ఒకరోజు అతను చెవి రుద్దుకోవడం చూసి కెప్టెన్, మన అన్నం చెవుల్లోనే ఉందయ్యా, రొదను ఆపే మంచిది సొంతానికి కొనుక్కో, పిసినారితనం చేయకు అని చెప్పాడు.

ఆ కెప్టెన్‌కు ఇతనంటే అభిమానం. విమానంలో కెప్టెన్‌ది ఎడమ సీటు, కో-పైలట్‌ది కుడి సీటు. ఇంజన్లు మొదలు కాకముందు, హెడ్‌సెట్ ఇంకా తలకెక్కకముందు ఆయన ఏదైనా చెబుతుంటే ప్రేమ్‌సాగర్ ముఖమంతా అటు తిప్పి, కళ్లార్పకుండా వినేవాడు. ఈ కాలపు పిల్లల్లో ఇంత శ్రద్ధ ఎక్కడుందని ఆయన నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు. మెచ్చుకోలుకు పొంగిపోయిన ఇతనికీ తెలియదు.

చదువుకున్నవాడికి తన చెవి సంగతి తనకు తెలియకపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్లు ఆ కాలనీలో ఒక పూట ఉండి చూడాలి. అక్కడ నలభై దాటిన ఏ మగవాడితో మాట్లాడాలన్నా కుడి పక్కకు వెళ్లి నిలబడతారు. కొత్తగా వచ్చిన కోడలికి అత్త ముందు నేర్పేది మామ కుడి పక్క నుంచి అన్నం వడ్డించడం. చర్చిలో మగవాళ్లంతా ఎడమ గోడ వారగా ఒత్తుకుని కూర్చుంటారు, పాస్టరు మాట కుడి చెవికి రావాలని. తాతల కాలం నుంచి వాళ్లు డప్పు కొట్టినవాళ్లు. డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది, దాని అంచు ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంటుంది. "ఎడమ చెవి డప్పుది, కుడి చెవి మనుషులది" అని వాళ్ల మాట. దాన్ని చెవుడు అని ఎవరూ అనలేదు. పారపట్టిన చేతికి కాయ కాస్తే దవాఖానకు పోతామా, ఇదీ అంతే.

ఇస్రాయేలు ఒకప్పుడు డప్పు మానేశాడు. ఊళ్లో పెద్దింటి చావు వస్తే కబురు పెట్టి రమ్మనడం, కొట్టించుకుని వాకిట్లో దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టడం అతనికి మింగుడు పడలేదు. బాప్తిస్మం తీసుకున్న ఏడాదే డప్పును అటక మీద పెట్టి, కొడుకు భుజానికి ఇది ఎక్కదని భార్యతో చెప్పాడు. చెప్పినట్టే చాలా ఏళ్లు ఉన్నాడు కూడా.

అంతలో తెలంగాణ కొట్లాట వచ్చింది. ప్రేమ్‌సాగర్ అప్పుడు ఇంటర్మీడియట్. ఊరూరా పాటలు, ఊరేగింపులు, హైవే మీద వంటావార్పులు. నిన్నటి దాకా దూరంగా కూర్చోబెట్టిన డప్పును ఇప్పుడు వేదిక మీద ముందు వరుసలో నిలబెట్టారు. పెద్దింటి పిల్లలు కూడా వచ్చి మాకు నేర్పమని అడిగారు. ఇస్రాయేలుకు అది చూసి మనసు ఆగలేదు. ఎవరికి ఆగుతుంది? తరాల తలవంపు ఒక్కసారిగా తలపాగా అయితే ఏ తండ్రి అయినా కొడుకును ముందుకే తోస్తాడు. అటక మీది డప్పు దించి, కొత్త తోలు మూయించి, గడ్డిమంట మీద కాచి, తన చేతులతోనే కొడుకు భుజానికి తగిలించాడు.

"తల ఎత్తకు బిడ్డా. చెవి దానికియ్యి. అది ఏం చెప్తాందో అందరికంటె ముందుగల నీకు తెల్వాలె" అని నేర్పాడు.

ప్రేమ్‌సాగర్ చెవి ఇచ్చాడు. రాష్ట్రం వచ్చేదాకా కొట్టాడు. లారీ మీద మైకు డబ్బాల కింద, ఊరేగింపుల ముందు, ఎండలో, వానలో కొట్టాడు. కొట్టిన మరునాడు చెవిలో జుయ్యిమంటోందని చెబితే ఇస్రాయేలు నవ్వి, విద్య పట్టింది రా నీకు అని వీపు తట్టాడు. ఆ నవ్వును తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని కుమిలిపోయాడో ఆ తండ్రికే తెలియాలి.

రాష్ట్రం వచ్చింది. ఆ రాష్ట్రమే అతన్ని పైలట్‌ను చేసింది, ఆ మాట అనకపోతే పాపం. శిక్షణలో చేరే ముందు జరిగిన వైద్య పరీక్షలో ఎడమ చెవి గీత అంచు మీద నెగ్గింది. అంచు మీద అని అతనికి ఎవరూ చెప్పలేదు. పనికొస్తాడని రాశారు, అది చాలనుకున్నాడు. తర్వాత శిక్షణ విమానాల హోరు మిగిలిన పని పూర్తి చేసింది.

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర, ఒక మేడ మీద, పైలట్ల సామాన్లు అమ్మే చిన్న దుకాణం ఉంది. నడిపేది మల్లీశ్వరి అనే నడివయసు ఆవిడ. కొనేవాళ్లు వస్తే పెద్ద స్పీకర్‌లో విమానం రొద పెట్టి, హెడ్‌సెట్‌లో పైలట్ల మాటల రికార్డు వినిపించి, నచ్చితేనే తీసుకోమంటుంది. ప్రేమ్‌సాగర్ ఒక సెలవు రోజు పొద్దున్నే వెళ్లాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు.

మొదటిది పెట్టుకుని మీట నొక్కగానే రొద ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. అతనికి ప్రాణం లేచి వచ్చింది. కాసేపు విని, ఎడమ వైపు మాట కాస్త తక్కువగా వస్తోంది, ఈ పీసులో లోపం ఉన్నట్టుంది అన్నాడు. ఆవిడ ఇంకో రకం ఇచ్చింది. అదీ ఎడమ వైపు తక్కువే. మూడోది తేలిగ్గా ఉంది, తలకు హాయిగా ఉంది, కానీ ఎడమ వైపు మాట గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంది. ప్రేమ్‌సాగర్‌కు చిరాకు పుట్టింది. ఇన్ని వేల మంది చెవులు ఆధారపడే వస్తువు, చూపించడానికి పెట్టినవన్నీ వాడేసిన సరుకేనా అని కొంచెం గట్టిగానే అడిగాడు. ఆవిడ నొచ్చుకుంది. లోపలికి వెళ్లి సీలు విప్పని పెట్టె తెచ్చి అతని ముందే కోసింది.

అందులోనూ ఎడమ వైపు తక్కువే వచ్చింది.

అప్పుడు అతనికి పట్టుదల వచ్చింది. లోపం హెడ్‌సెట్‌దేనని ఆవిడకు రుజువు చేయాలనుకున్నాడు. హెడ్‌సెట్‌ను వెనుకది ముందుకు తిప్పి, ఎడమ దిండు కుడి చెవికి, కుడి దిండు ఎడమ చెవికి వచ్చేటట్టు పెట్టుకున్నాడు. లోపం వస్తువులో ఉంటే ఇప్పుడు కుడి వైపు తగ్గాలి. రికార్డులో ఎవరో పైలట్ తన ఎత్తు చెబుతున్నాడు. కుడి చెవిలో ఆ అంకెలు ఒక్కొక్కటి శుభ్రంగా, పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించాయి. ఎడమ వైపు మళ్లీ అదే గోడ.

అతను హెడ్‌సెట్ తీయలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి. రొద అణిగిన ఆ నిశ్శబ్దంలో ఎడమ చెవిలో సన్నటి కూత ఒక్కటే మిగిలింది, అది రికార్డులోది కాదు, ఇంజనుది కాదు, తన లోపలిది. మల్లీశ్వరికి అర్థమైనట్టుంది. ఎందరు పైలట్లను చూసి ఉంటుందో. స్పీకర్ కట్టేసి, మంచినీళ్ల గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది బాగుంది, ఇదే ఇవ్వండి" అన్నాడు ప్రేమ్‌సాగర్.

కొత్త హెడ్‌సెట్‌లో శబ్దం పెంచుకోవడానికి ఒక్కో చెవికి ఒక్కో మీట ఉంది. ఎడమ దాన్ని ఎవరూ చూడకుండా పూర్తిగా పైకి పెట్టుకున్నాడు. అంత పెడితే చెవి ఇంకా పాడవుతుందని తెలిసీ పెట్టుకున్నాడు. కెప్టెన్ మాట, నేల మీద నుంచి వచ్చే మాట, అన్నీ చక్కగా వినిపించాయి. రొద లేదు, తలనొప్పి లేదు. అతని ఉద్యోగంలో మంచి రోజులంటే అవే, అని చెప్పుకోవడానికి నాకే మనసు రావడం లేదు. ఏడాదికొకసారి జరిగే వైద్య పరీక్ష ముందుకు వస్తోంది, కొన్నేళ్లకొకసారి చేసే చెవి పరీక్ష ఈసారి అందులో ఉంది. ఆ పరీక్ష గదిలోకి ఈ హెడ్‌సెట్ రాదు.

ముందుగా తనంతట తానే ఒక చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన చెవులు పరీక్షించి, వచ్చిన గీతల కాగితం చూసి, ఎడమ ఒక్కటే ఇట్లా పోవడం తుపాకీ కాల్చేవాళ్లలో చూస్తాం, మీరు మిలిటరీలో చేశారా అని అడిగాడు. లేదన్నాడు ప్రేమ్‌సాగర్. పెద్ద చప్పుడు ఏదైనా ఈ పక్క నుంచి చాలాకాలం తగిలిందా అంటే, చెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదికి వెళ్లింది. డప్పు అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట జబ్బు పేరు చెప్పినట్టు చెప్పాడు. లోపలి నరం దెబ్బతిన్నదనీ, అది తిరిగి రాదనీ, మందు లేదనీ డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. మిగిలింది కాపాడుకోవడమేనన్నాడు.

వైద్య పరీక్ష రోజు మోసం చేయాలని అతను వెళ్లలేదు. ఇది నమ్మాలి. చప్పుడు బయటికి పోని, లోపలికి రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. పరీక్ష చేసే ఆవిడ అద్దం అవతల కూర్చుంది. కుడి చెవి ముందు. ప్రతి కూతా వినిపించింది, ప్రతిసారీ నొక్కాడు. ఆ చెవి అయ్యేసరికి కూతల నడక అతని వేలికి పట్టుబడిపోయింది. ఎక్కడ వస్తుంది, ఎంత ఆగుతుంది, మళ్లీ ఎక్కడ అందుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య జాగా డప్పు కొట్టేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ఎడమ చెవి. లావు కూతలు వినిపించాయి. సన్నవి మొదలయ్యాక తన చెవిలోని కూత ఏదో, బయటిది ఏదో తెలియకుండా పోయింది. కాసేపటికి ఏమీ లేదు. కానీ వేలు ఆగలేదు. ఇక్కడ రావాలి, నొక్కాడు. ఇప్పుడు రావాలి, నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ ఆ సీటు ఇంకా తనదే అనిపించింది. కళ్లు మూసుకుని, తల ఎడమకు వంచి, తప్పకుండా తాళం నిలబెట్టాడు. వేలు అట్లా నడుస్తుండగానే గది తలుపు తెరుచుకుంది. పరీక్ష చేసే ఆవిడ లోపలికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"సర్, నేను శబ్దం ఆపేసి చాలాసేపైంది" అంది.

విమానం నడపడానికి అనర్హుడని రాశారు. పై బోర్డుకు వెళ్లవచ్చని అక్కడి పెద్ద డాక్టర్ చెప్పాడు గానీ, చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేదు. ఏ బోర్డు అయినా వినేది ఆ చెవితోనే కదా.

మరునాడు ప్రేమ్‌సాగర్ బస్సెక్కి చిట్యాలలో దిగి, ఆటోలో ఇంటికి వచ్చాడు. యూనిఫాం లేదు. పనిదినం నాడు కొడుకు మామూలు చొక్కాలో రావడం చూసి బిక్షమ్మకు అనుమానం వచ్చింది గానీ, ముందు కాళ్లకు నీళ్లిచ్చింది. ఇస్రాయేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ అలవాటు ప్రకారం తండ్రి కుడి పక్కన కూర్చుని, దాచకుండా అన్నీ చెప్పాడు. దుకాణం, డాక్టర్, గది, వేలు, అన్నీ. 

బిక్షమ్మకు మాత్రం ఎంత చెప్పినా తలకెక్కలేదు. ఆమె తండ్రిది, మామది, భర్తది, అందరిదీ ఎడమ చెవి అంతే. అదొక లోటని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"కుడి చెవి మంచిగనే ఉన్నది గద బిడ్డా. మా మగోళ్లకు గట్లనే ఉంటదని సార్లకు చెప్పకపోయినవా?"

"వాళ్లు రెండు చెవులు అడుగుతరమ్మా" అన్నాడు ప్రేమ్‌సాగర్.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.  హైవే వైపు నుంచి లారీల మోత సన్నగా వస్తోంది. కొడుకుకు వినిపించినంత తండ్రికి వినిపించి ఉండదు. ఇస్రాయేలు తన అరచేతులు చూసుకుంటున్నాడు. అటక మీది డప్పు దించిన చేతులవి, కొడుకు మెడ పట్టుకుని చెవిని డప్పు అంచు దగ్గరికి వంచిన చేతులు. నీ తప్పేం లేదు నాయినా అని చెప్పాలని ప్రేమ్‌సాగర్ రెండుసార్లు నోరు తెరిచాడు. తప్పు అన్న మాట ముందు తన నోటి నుంచి రావడం ఇష్టంలేక మూసుకున్నాడు.

చివరికి ఇస్రాయేలే అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఒక్కటి చెప్పు సాగర్. సదువుకున్నోనివి, నీకు తెలుస్తది. అప్పుడు నువ్వు కొట్టకపోతె తెలంగాణ రాకపోవునా?"

ప్రేమ్‌సాగర్ తండ్రి ముఖంలోకి చూశాడు. ఆ కళ్లు ఏం కోరుకుంటున్నాయో తెలుస్తూనే ఉంది. రాకపోయేది నాయినా అంటే చాలు, ఆ మనిషి మిగిలిన రోజులు ఎట్లాగో గడిపేస్తాడు. వేల డప్పులు కొట్టారు, లక్షల మంది నడిచారు, అందులో ఇంటర్మీడియట్ చదివే ఒక పిల్లవాడి డప్పు ఎంత? అబద్ధం చెప్పడానికి అతను నిజంగా ప్రయత్నించాడు. కానీ నిన్ననే ఆ గదిలో చప్పుడు లేని చోట ఉందని నొక్కి నొక్కి పట్టుబడి వచ్చాడు. మళ్లీ అట్లాంటి పని చేయడానికి ఒంట్లో శక్తి లేదు.

"వచ్చేదే నాయినా" అన్నాడు.

ఇస్రాయేలుకు సరిగా వినపడలేదేమోనని ఒక్క క్షణం ఆశ పడ్డాడు. కానీ అతను కూర్చున్నది కుడి పక్కన.